కడపటి వాదన



హత్యానేరం విచారించే న్యాయస్థానంలో సాక్షులందరూ బోను దిగి వెళ్లిన తరువాత, తీర్పు ఇంకా వెలువడకముందు, ఒక ఘట్టమున్నది. అప్పటికి చెప్పవలసిన సాక్ష్యమంతా చెప్పినారు. చూపవలసిన వస్తువులన్నీ చూపినారు. ఇక ఉభయపక్షాల వకీళ్లు ఒకరి తరువాత ఒకరు లేచి, ఆ సాక్ష్యానికి అర్థమేమిటో చివరిసారిగా విన్నవించుకుంటారు. దానినే కడపటి వాదన అంటారు.

ముద్దాయిగా నిలిచినవాడు పోలీసు ఉద్యోగి అయినప్పుడు ఆ వాదన వినేది న్యాయమూర్తి ఒక్కడే కాదు. ఊరంతా చెవులు రిక్కించి వింటుంది. ఆ వాదన విన్న జనం ఏమనుకుంటారు, వారి స్పందనకు విలువ ఎక్కడ కలుగుతుంది అన్నది ఈనాటి మా ప్రసంగ విషయం. దీనిని వరంగల్లునుండి చెప్పడానికి కారణమొకటి ఉన్నది. పోలీసు కాల్పులను గూర్చి జనం ఇచ్చిన తీర్పు ఈ నగరానికి తెలుసు. ఆ కాల్పులను గూర్చిన వాదన మాత్రం ఈ నగరం వినలేదు.

2008 డిసెంబరు 10వ తేదీన కాకతీయ ఇంజనీరింగు కళాశాలలో చదువుకొంటున్న ఇద్దరు అమ్మాయిలు స్కూటరు మీద ఇంటికి తిరిగి వస్తుండగా, వారిపై ఆమ్లం పోసినారు. వారిలో ఒకరు ఆ నెల 31వ తేదీన ఆసుపత్రిలో కన్నుమూసినారు. రెండవ అమ్మాయి తీవ్రమైన గాయాలతో బ్రతికి బయటపడ్డారు. ఈ దారుణం చేసినారని ముగ్గురు యువకులను పోలీసులు పట్టుకొన్నారు. దాడి జరిగి నాలుగు రోజులు గడవకముందే, డిసెంబరు 13వ తేదీ నాటికి, ఆ ముగ్గురూ మామునూరు సమీపంలో పోలీసు తూటాలకు మరణించినారు. ఆధారాల స్వాధీనం కోసం తీసుకొని వెళ్లినప్పుడు వారు తమ మీద దాడి చేసినారని, ఆత్మరక్షణ కోసం కాల్చవలసి వచ్చినదని పోలీసులు చెప్పినారు.

ఆ వార్త విన్న నగరం సంబరపడినది. విద్యార్థులు జయజయధ్వానాలు చేసినారు. మిఠాయిలు పంచినారు. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు వి.సి. సజ్జనార్‌కు పూలదండలు వేసినారు. ఆ జనాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. కూతురిని కళాశాలకు పంపి, సాయంకాలం వీధి గుమ్మంలో నిలిచి ఎదురుచూసే తల్లి ఆనాడు ఎంత భయపడి ఉంటుందో, ఆ భయం ఒక్కసారిగా తొలగినట్లు తోచినప్పుడు ఎంత ఊరట పొంది ఉంటుందో ఎవరైనా ఊహించగలరు. ఆ కోపం న్యాయమైన కోపమే. అయితే అది మూడు ప్రశ్నలను జవాబు లేకుండా వదలిపెట్టినది.

మొదటిది: ఆ ముగ్గురూ ఆ నేరం చేసినారా? చేసినారని పోలీసులు చెప్పినారు, న్యాయస్థానం చెప్పలేదు. రెండవది: ముగ్గురి పాత్రా సమానమేనా? ఒకడు పూనుకొని చేసినాడా, మరొకడు వెంట మాత్రమే ఉన్నాడా? ఉరికీ, యావజ్జీవానికీ, అంతకు తక్కువ శిక్షకూ మధ్య ఉన్న దూరమంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది. మూడవది: మామునూరులో ఆ రాత్రి పోలీసుల ప్రాణానికి నిజంగా ముప్పు వచ్చినదా? ఈ మూడు ప్రశ్నలకూ బహిరంగ న్యాయస్థానంలో ఎదురు ప్రశ్నలు పడలేదు. వీటి మీద ఏ వకీలూ కడపటి వాదన వినిపించలేదు. నష్టపోయినది చనిపోయిన యువకుల తల్లిదండ్రులు మాత్రమే కాదు. ప్రాణాలతో మిగిలిన ఆ అమ్మాయి సాక్షి బోనులో నిలిచి, తమకు జరిగినది ప్రమాణపూర్వకంగా చెప్పి, అది నిజమని ఒక న్యాయమూర్తి వ్రాయగా వినే అవకాశం కూడా ఆ రాత్రితోనే పోయినది.

ఈ నగరానికి ఇది మొదటి అనుభవం కూడా కాదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 జులైలో, ఇక్కడి ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్‌తో సహా నలుగురు యువకులు మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో పోలీసు కాల్పులకు గురి అయినారు. అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత, 1977లో, ఎన్‌కౌంటరు మరణాలను విచారించడానికి జస్టిస్ భార్గవ కమిషన్ ఏర్పడినది. సాక్షులు వచ్చినారు, చెప్పినారు. ఆ తరువాత విచారణ బహిరంగంగా సాగవలెనా, రహస్యంగా సాగవలెనా అన్న వివాదం పుట్టినది. ఆ వివాదంలో విచారణే నడుమ ఆగిపోయినది. ఆనాడు వాదన మొదలై ముగియలేదు. 2008లో మొదలే కాలేదు.

ఇక ఆ ఘట్టానికి చట్టంలో ఉన్న స్థానం ఏమిటో కొంచెం చూద్దాము. మన సెషన్స్ విచారణలో ఉభయపక్షాల సాక్ష్యం ముగిసిన తరువాత పబ్లిక్ ప్రాసిక్యూటరు తన కేసు సారాంశం చెప్పవలెను. దానికి ముద్దాయిగాని, అతని వకీలుగాని జవాబు చెప్పే హక్కు ఉన్నది. రెండు పక్షాలూ విన్న తరువాతనే న్యాయమూర్తి తీర్పు వ్రాస్తాడు. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన కొత్త నేరవిచారణ సంహిత, వాదనలు ముగిసిన 30 రోజులలోగా తీర్పు చెప్పవలెనని, కారణాలుంటే 45 రోజుల వరకు పొడిగించవచ్చునని గడువు పెట్టినది. వాదనకు తీర్పుకు మధ్యనున్న ఆ కొద్ది దినాలు వట్టి నిరీక్షణ కాదు. తనకు నచ్చని పక్షం చెప్పినది కూడా విన్న మనిషి, దానిని మనసులో తూకం వేసుకొనే కాలమది.

పోలీసు అధికారి ముద్దాయిగా నిలిచిన వ్యాజ్యంలో ఆ దినాన్ని లోకమంతా కళ్లారా చూసిన సందర్భమొకటి ఇటీవల జరిగినది. అమెరికా దేశపు మిన్నియాపొలిస్ నగరంలో 2020 మే 25వ తేదీన జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుని నేలపై అదిమిపట్టి, అతని మెడమీద డెరెక్ షావిన్ అనే పోలీసు అధికారి మోకాలు మోపి ఉంచినాడు. తొమ్మిది నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లపాటు అట్లా జరిగినదని ప్రాసిక్యూషన్ చెప్పినది. ఫ్లాయిడ్ మరణించినాడు. దారిన పోయే ఒక బాలిక తన ఫోనులో తీసిన చిత్రం లోకమంతా వ్యాపించినది. విచారణ మొదలు కాకముందే కోట్లమంది ఆ దృశ్యం చూసి తీర్పు చెప్పేసినారు. అయినా విచారణ జరిగినది. 45 మంది సాక్షులు వచ్చినారు. వారిలో ఆ నగరపు పోలీసు అధిపతి కూడా ఉన్నాడు; తన క్రింద పనిచేసిన అధికారి ప్రవర్తన తమ శాఖ నియమాలకు విరుద్ధమని ఆయనే బోనులో చెప్పినాడు.

2021 ఏప్రిల్ 19వ తేదీన కడపటి వాదనలు జరిగినవి. టెలివిజన్‌లో అవి నేరుగా ప్రసారమైనవి. మీరు చూసినదానిని మీరే నమ్మండి అన్నది ప్రాసిక్యూషన్ వాదన సారం. ఆ తొమ్మిది నిమిషాలనే చూడవద్దు, అంతకుముందు జరిగిన పెనుగులాటను, మృతుని గుండెజబ్బును, అతని శరీరంలోని మత్తుపదార్థాలను కూడా చూడండి అని ప్రతివాద వకీలు సుమారు మూడు గంటలసేపు వాదించినాడు. న్యాయస్థానం చుట్టూ కంచెలున్నవి, సైనికులున్నారు, దుకాణాలకు చెక్కపలకలు బిగించి ఉన్నవి. వీధులలో గుమిగూడినవారు కోపంతోను, అనుమానంతోను ఉన్నారు. ఇంతకుముందు ఎన్నోసార్లు ఇటువంటి వ్యాజ్యాలలో పోలీసులు విడుదల కావడం వారు చూసి ఉన్నారు. అయినా వారు కోరినది ముద్దాయిని తమకు అప్పగించమని కాదు; న్యాయస్థానం శిక్షించవలెనని.

ఆనాడే మరొక సంగతి జరిగినది. శాసనసభ్యురాలొకరు తీర్పు ఎట్లా ఉండవలెనో బహిరంగంగా మాట్లాడినారని, అందువల్ల విచారణను రద్దు చేయవలెనని ప్రతివాద వకీలు కోరినాడు. న్యాయమూర్తి పీటర్ కేహిల్ ఆ కోరికను త్రోసివేసినాడు. కాని విచారణ నడుస్తుండగా పదవులలో ఉన్నవారు ఇటువంటి మాటలు ఆడడం మానవలెనని గట్టిగానే చెప్పినాడు. జనాభిప్రాయానికి చోటు ఉన్నది; కాని ఆ చోటు జ్యూరీ కూర్చునే గదిలో కాదని ఆయన భావం. మరునాడు, ఏప్రిల్ 20వ తేదీన, పన్నెండుగురు జ్యూరీ సభ్యులు మూడు అభియోగాలలోనూ ముద్దాయి దోషి అని చెప్పినారు. బయట నిలిచిన జనం కేకలు వేసినారు, ఏడ్చినారు, ఒకరినొకరు కౌగిలించుకొన్నారు. ఆ జూన్‌లో ఇరవైరెండున్నర సంవత్సరాల జైలుశిక్ష విధించినారు.

మేము ధ్వనితో జీవించేవాళ్లము. మిన్నియాపొలిస్ జనం చేసిన హర్షధ్వానాన్ని, 2008లో వరంగల్ జనం చేసిన హర్షధ్వానాన్ని రికార్డు చేసి పక్కపక్కన వినిపిస్తే ఏది ఎక్కడిదో చెప్పడం కష్టం. తేడా ఆ చప్పుడులో లేదు. దానికి ముందు ఏమి వినబడినదన్న దానిలో ఉన్నది. అక్కడ ఆ చప్పుడుకు ముందు 45 మంది సాక్షుల గొంతులు, ఉభయపక్షాల వాదనలు ఉన్నవి. ఇక్కడ అంతకుముందు వినబడినది తుపాకి మాత్రమే.

అది అక్కడి పద్ధతి, మనదేశంలో కుదరదు అనుకోనక్కరలేదు. 1997 మార్చి 31వ తేదీన ఢిల్లీ కన్నాట్ ప్లేసులో ఇద్దరు వ్యాపారులను పోలీసులు ఎవరో దుండగులనుకొని కాల్చి చంపినారు. ముందుగా కారులోనుంచే కాల్పులు వచ్చినవని వారు చెప్పినారు. ఆ మాట న్యాయస్థానం ముందు పరీక్షకు నిలువలేదు. 2007లో పదిమంది పోలీసులకు యావజ్జీవ శిక్ష పడినది. 2011లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచినది. మన చట్టాలతో, మన న్యాయమూర్తులతోనే ఈ పని జరిగినది.

జనాగ్రహం ఎల్లప్పుడూ పోలీసుల పక్షానే ఉంటుందనీ కాదు. 1978 మార్చి చివర హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక యువతిపై అత్యాచారం జరిగినదని, ఆమె భర్త అయిన రిక్షా కార్మికుడు దెబ్బలు తిని మరణించినాడని తెలిసినప్పుడు నగరం భగ్గుమన్నది. వేలాది జనం ఠాణాను ముట్టడించినారు. కాల్పులు జరిగినవి, కర్ఫ్యూ విధించినారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల దోషాన్ని ఎత్తిచూపినది. ఆ తరువాత వ్యాజ్యం పొరుగు రాష్ట్రంలోని రాయచూరుకు బదిలీ అయినది. 1981లో అక్కడి న్యాయస్థానం ముద్దాయిలను విడుదల చేసినది. ఠాణా ముందు వేలమంది నిలిచిన ఊరు వేరు, కడపటి వాదనలు జరిగిన ఊరు వేరు. ఆగ్రహం ఎంత గొప్పదైనా, అది విచారణ చివరిదాకా వెంట నడవకపోతే న్యాయస్థానంలో దాని జాడ మిగలదు.

పదకొండేళ్ల తరువాత మామునూరు ఘటన వంటిదే మళ్లీ జరిగినది. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద దహనం చేసినారు. నలుగురిని పట్టుకొన్నారు. షాద్‌నగర్ ఠాణా ముందు చేరిన జనం వారిని తమకు అప్పగించమన్నారు. అక్కడి న్యాయవాదులు వారి పక్షాన వాదించబోమని తీర్మానించినారు. మహబూబునగరులో ఈ వ్యాజ్యం కోసమే ఒక ప్రత్యేక సత్వర న్యాయస్థానాన్ని ప్రభుత్వం నిర్ణయించినది. అది పని మొదలుపెట్టలేదు. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున ఆ నలుగురూ చటాన్‌పల్లి వద్దనే పోలీసు కాల్పులలో మరణించినారు. ఆనాటి సైబరాబాదు పోలీసు కమిషనరు, 2008లో వరంగల్ సూపరింటెండెంటు, ఒకరే. వంతెన మీదనుండి జనం పోలీసులపై పూలు చల్లినారు.

అయితే ఈసారి కథ అక్కడితో ఆగలేదు. డిసెంబరు 12వ తేదీన సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించినది. కాల్చిన పోలీసులు వచ్చి సాక్ష్యం చెప్పవలసి వచ్చినది. ఎదురు ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చినది. 2022 మే 20వ తేదీన బహిర్గతమైన నివేదికలో, మృతులు పిస్తోళ్లు లాక్కొని కాల్చినారన్న కథనం నమ్మదగినది కాదని, వారిని చంపే ఉద్దేశంతోనే కాల్చినారని, పదిమంది పోలీసులను హత్యానేరం క్రింద విచారించవలెనని కమిషన్ అభిప్రాయపడినది. మృతులలో ముగ్గురు అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండనివారని కూడా వ్రాసినది. సుప్రీంకోర్టు ఆ విషయాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపినది. కమిషన్ అభిప్రాయం తీర్పు కాదు. నల్లకుంట అనుభవం మనకు ఆ సంగతి నేర్పినది. పోలీసుల పక్షం వాదన కూడా న్యాయస్థానం వినవలసిందే. కాని వంతెన మీద పూలు చల్లిన జనసమూహం వంటిది ఆ నివేదిక వెలువడిన రోజున ఎక్కడా కనబడలేదు. వినవలసిన మాట వచ్చేసరికి వినేవారు ఇళ్లకు పోయినారు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. మామునూరు కాల్పులు జరిగి రెండు నెలలు నిండకముందే, 2009 ఫిబ్రవరి 6వ తేదీన, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు చెప్పినది. పోలీసు కాల్పులలో మనిషి మరణించినప్పుడు నేరం నమోదు చేయవలెనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవలసిన విషయమని దాని సారం. సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసినది. 2014 సెప్టెంబరు 23వ తేదీన సుప్రీంకోర్టే పదహారు మార్గదర్శక సూత్రాలు నిర్ణయించినది. దర్యాప్తు వేరొక ఠాణావారో, సి.ఐ.డి.వారో చేయవలెను. మేజిస్ట్రేటు విచారణ జరగవలెను. ఘటన జరిగిన వెంటనే పతకాలు, పదోన్నతులు ఇవ్వరాదు. ఈ చివరి నియమాన్ని శ్రోతలు గమనించవలెను. నిజం తేలకముందు ప్రభుత్వమే మెడలో పతకం వేయరాదన్నప్పుడు, మనము పూలదండ వేయడానికి తొందరపడవచ్చునా?

దీనికి వచ్చే జవాబు మాకు తెలుసు. న్యాయస్థానాలలో ఏళ్లు పడుతుంది, అంతవరకు ఎవరు ఆగుతారు అంటారు. ఆ మాటలో నిజమున్నది. కాని దానికి జవాబు కూడా ఈ నగరమే చెప్పినది. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసికందుపై అత్యాచారం చేసి చంపిన దారుణం జరిగినది. కోపంలో ఈ ఊరు 2008కి తీసిపోలేదు. అయినా సాక్షులు వచ్చినారు, వాదనలు జరిగినవి, ఆగస్టు 8వ తేదీన వరంగల్ న్యాయస్థానం మరణశిక్ష విధించినది. రెండు నెలలు పట్టలేదు. అదే సంవత్సరం నవంబరులో హైకోర్టు ఆ శిక్షను జీవితాంతం కారాగారంగా మార్చినది. 2020 మేలో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు బయటపడిన కేసులో కూడా అక్టోబరు 28వ తేదీ నాటికి తీర్పు వచ్చినది. కనుక తుపాకికి ప్రత్యామ్నాయం లేదన్న మాట వరంగల్లుకు వర్తించదు. న్యాయస్థానం విధించిన శిక్షను పై న్యాయస్థానం సరిదిద్దగలదు. తూటాపై అప్పీలు లేదు.

చివరగా మా వృత్తిని గూర్చి ఒక మాట చెప్పుకోవలెను. వార్తల బల్ల దగ్గర కూర్చుని మేము ఎన్నోసార్లు "ఎదురుకాల్పులలో మరణించినారు" అని చదివినాము. "ఎదురు" అన్న ఆ ఒక్క మాటలోనే ఒక తీర్పు ఇమిడి ఉన్నది. అవతలివారు కూడా కాల్చినారని మాకెవరు రుజువు చేసినారు? "పోలీసు కాల్పులలో మరణించినారు; వారు తమపై దాడి చేసినారని పోలీసులు చెప్పుచున్నారు" అనడానికి మరి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ నాలుగు సెకన్లు మేము మిగుల్చుకొన్నాము. అట్లే "నిందితుడు" అనవలసిన చోట "నేరస్థుడు" అన్నాము. నింద పడినవాడు వేరు, నేరం రుజువైనవాడు వేరు. జనం తొందరపడి తీర్పు చెప్పినారని అనేముందు, ఆ తొందర వారికి మా గొంతులోనుండి ఎంత చేరినదో మేము చూసుకోవలసి ఉన్నది.

మన పెద్దలు నిజం నిలకడమీద తెలుస్తుందని అన్నారు. ఇటువంటి వార్త మీ ఇంటి రేడియోలో వినవచ్చిన రోజున, పిల్లలు ప్రక్కన కూర్చుని ఉండగా, మూడు ప్రశ్నలు పైకి అడగండి. ఈ మాట చెప్పినదెవరు? రెండవ పక్షానికి చెప్పుకొనే అవకాశం వచ్చినదా? ఇది ఏ న్యాయస్థానంలో, ఎప్పుడు విచారణకు వస్తుంది? ఆ విచారణ దినం కూడా గుర్తు పెట్టుకోండి. ఆనాడు తిరిగి రేడియో పెట్టి, ఉభయపక్షాల వాదనా వినండి.

సెలవు.